బెత్తెడు ఎత్తు

ఘనపూర్ (ములుగు)
8 జూన్ 2025

జనగామలో ఉన్న మా అన్న ఐలేశ్‌కు, చెల్లెలు జమున తన చేత్తోనే రాస్తున్న ఉత్తరం.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని గీత వదిన నవ్వుతుందేమో. నవ్వనీ. నీ నంబరు తీసేశానని ఆమెకు తెలుసు, ఎందుకు తీసేశానో నీకు తెలుసు. మీ బావ దినం అయిన మర్నాడు, నేను అన్నం ముట్టడం లేదని ఎవరో చెబితే, నువ్వు ఆయన గొంతు పెట్టి ఫోన్ చేశావు. "జమునా, జరంత బువ్వ తిను, నేను మంచిగనే ఉన్న" అన్నావు. నేను తిన్నాను. పళ్లెం ఖాళీ అయ్యాక తెలిసింది అది నువ్వని. చిన్నప్పటి నుంచి ఊళ్లో అందరి గొంతులూ దొంగిలించావు. పటేలు గొంతుతో పాలేర్లకు సెలవిచ్చావు, అందరం నవ్వుకున్నాం. ఆ ఒక్క గొంతూ ముట్టుకోకుండా ఉండాల్సింది. నీ రాత అయితే నమ్మొచ్చు. నీ కోడిగీతలు ఇంకెవరూ గీయలేరు, ఇంకొకరి రాత నీకు రాదు.

విషయం బండి. మిరుగం కార్తె వచ్చింది. పత్తి గింజలు పెట్టడానికి, ఆ తర్వాత నాట్లకు, పద్నాలుగు మంది ఆడవాళ్లను వాగు అవతలికి దించి తేవాలి. జీపు ఇప్పుడు నేనే నడుపుతున్నాను. పోయిన ఏడు మీ బావ నీ షెడ్డులో ఎత్తు చేయించిన జీపే. అదే ఆయన్ను తీసుకుపోయిందని ఊళ్లో అంటారు. నేను అనను. తీసుకుపోయింది వాగు. జీపు మూడు మలుపుల అవతల తుమ్మ చెట్టుకు తట్టుకుని ఆగింది. ఆయన ఆగలేదు.

దానికి ఇంకా పెద్ద టైర్లు వేయించాలి. పక్కింటి సుజాతవాళ్ల వడ్ల ట్రాక్టర్ వెంట కేసముద్రం పోయినప్పుడు, లారీలకు ఇరుసుల మీద బరువు మోసే కమాన్ పట్టీలు కట్టే మజీద్ భాయ్‌ను అడిగాను. "రెండు తొవ్వలున్నయ్ బెహన్. బాడీ లేపుడొకటి, కమాన్లు లేపుడొకటి. మీ అన్ననే మేస్త్రి గద, జర అడుగు" అన్నాడు. అడుగుతున్నాను. రెండింట్లో ఏది మంచిది? పోయిన ఏడు నువ్వు చేసింది ఏది?

మా వాగు మీద జీపులవాళ్ల కట్టుబాటు నీకు తెలుసు. నీళ్లు ఫుట్‌బోర్డును తడిపితే, నడి వాగులో ఉన్నా సరే, వెనక్కి రావాలి. తడపనంత సేపు పోవచ్చు. ఎడమ పక్క కూర్చున్నవాళ్లు వంగి చూసి చెబుతుండాలి. ఆ చూసే పని ఇక ఎవరికీ వద్దు. చూడాల్సిన అవసరమే లేనంత ఎత్తు కావాలి నాకు.

రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. వాగు చప్పుడు ఇంకా రాలేదు.

జమున


జనగామ
14 జూన్ 2025

నా నంబరు తీసేసి పోస్టాఫీసును బతికిస్తున్న చెల్లె జమునకు,

పోస్ట్‌మన్ షెడ్డులోకి వచ్చి నా పేరు పిలవగానే ముగ్గురు పనివాళ్లు వెనక గోడ దూకారు. కోర్టు కాగితమనుకున్నారు. ఉత్తరమని తెలిశాక తిరిగి వచ్చారు గాని, ఎవరెవరు దూకారో నేను గుర్తు పెట్టుకున్నాను. మీ వదిన నవ్వలేదు. చదివి, మడిచి, నా ముందు పెట్టి, "జవాబు సక్కగ రాయి" అని పోయింది. నేను ఏడో తరగతి మూడుసార్లు చదివినవాణ్ణి, సక్కగా రాయడం నాకేమి కష్టం.

పాఠం చెబుతాను విను. జీపు అంటే కింద ఇనుప చట్రం, దాని పేరు చాసిస్. ఇంజను, గేరుబాక్సు దాని మీదే కూర్చుంటాయి. చాసిస్ మీద బాడీ బోల్టులతో బిగించి ఉంటుంది. బాడీ లేపడమంటే ఆ బోల్టులు విప్పి, చాసిస్‌కు బాడీకి నడుమ దిమ్మెలు పెట్టి, పొడుగు బోల్టులు బిగించడం. పెద్ద టైరు వేస్తే మడ్‌గార్డుకు రాసుకుంటుంది కదా, దిమ్మెలు పెడితే రాసుకోదు. రెండు రోజుల పని. కాని చాసిస్ ఎక్కడిదక్కడే. ఇంజనూ అక్కడే.

కమాన్లు లేపడమంటే ఇరుసుల మీద పట్టీలు మార్చి, షాకబ్జార్బర్లు పొడుగువి వేసి, చాసిస్ మొత్తాన్ని పైకి తేవడం. ఇంజను, గేరుబాక్సు, నువ్వు, నీ పద్నాలుగు మంది అందరూ లేస్తారు. అప్పుడు వెనక్కి పోయే షాఫ్టు వంకర పడుతుంది, బ్రేకు గొట్టాలు చాలవు, మలుపులో బండి కల్లు తాగినట్టు ఊగుతుంది. అన్నీ సరిచేయాలి. వారం పని.

నీకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే, బాడీ లేపడం మనిషికి తలపాగా చుట్టడం. కమాన్లు లేపడం మనిషిని కట్టెకాళ్ల మీద నిలబెట్టడం. తలపాగా చుట్టుకున్నవాడు దూరం నుంచి ఎత్తుగా కనిపిస్తాడు, మోకాళ్లు మాత్రం ఎక్కడున్నాయో అక్కడే. కట్టెకాళ్లవాడి మోకాళ్లు పైకి పోతాయి, కాని వాణ్ణి మేకపిల్ల తగిలినా పడేస్తుంది.

నా మాట వింటే రెండూ వద్దు. జీపు అమ్మేయ్. తావుర్యా అనే ఒక గూడూరు మనిషి అట్లాంటి బండి కోసం తిరుగుతున్నాడు. ఆ ఆడవాళ్లు ట్రాక్టర్ల మీద పోతారు. నువ్వు ఇంటి దగ్గర బర్రెను పెట్టుకో. బర్రెకు ఎత్తు చేయించే పని ఉండదు.

నీ వాగులో ఈ ఏడు నీళ్లు రాకూడదని కోరుకునే

ఐలేశ్


ఘనపూర్
22 జూన్ 2025

ఐలేశ్ అన్నకు,

అడిగినవి రెండు. ఒకదానికి తలపాగాలు, మేకపిల్లలు చెప్పావు. రెండోదానికి జవాబే లేదు. పోయిన ఏడు నువ్వు చేసింది ఏదని అడిగాను. నీకు చెప్పడానికి నామోషీ అయితే నేనే చెబుతాను. ఇంకోసారి జీపు తీసుకునే కేసముద్రం పోయినప్పుడు మజీద్ భాయ్ జీపు కింద పడుకుని చూశాడు. "మూడంగుళాల దిమ్మెలు, బెత్తెడు. బాడీ లేపిండు మీ అన్న. పని మంచిగ చేసిండు" అన్నాడు. మంచిగా చేసిన పనికి దాపరికమెందుకో నాకు తెలియలేదు.

అమ్మేయమన్నావు. ఆడదాని చేతిలో బండి నీకు నచ్చలేదు, అంతే కదా. ఆయన బతికుండి నాకు బండి నేర్పుతుంటే నువ్వూ వేళాకోళంగా స్టీరింగు పట్టించావు, ఇప్పుడు పట్టుకుంటే బర్రెను పెట్టుకోమంటున్నావు. ఆ పద్నాలుగు మందిలో ద్వాళి ఉంది, లచ్చి ఉంది. ఆ రోజు జీపులో వెనక ఉన్నది వాళ్లే. మీ బావ ఒక్కొక్కరినీ ఒడ్డు మీద చెట్ల వేళ్లకు అందించి తాను పోయాడు. వాళ్లు ట్రాక్టర్ ఎక్కరు. "నువ్వు నడిపితెనే వస్తం" అంటారు. ఎందుకంటే చెప్పరు.

ఇంకో సంగతి. వదినకు చెప్పకు. పొద్దున నేను జీపు దగ్గరికి పోయేసరికి ఎడమ పక్క ఫుట్‌బోర్డు తడిగా ఉంటుంది. వాన లేని రోజూ ఉంటుంది. కుడిది పొడిగా ఉంటుంది. రేకుల కప్పు కిందే కదా బండి పెట్టేది. తుడుస్తాను, మర్నాడు మళ్లీ తడి. నేను కుడి పక్క ఎక్కి కూర్చుని తాళం తిప్పేటప్పుడు ఎడమ పక్క కొంచెం కుంగుతుంది, ఎవరో కాలు పెట్టి నిలబడినట్టు. నాకు బండి నేర్పేటప్పుడు ఆయన అట్లాగే నిలబడేవాడు, లోపల కూర్చునేవాడు కాదు. భయం లేదు. కాని నేను ఆ పక్కకు చూడను.

మజీద్ భాయ్ ఉన్న దిమ్మెల మీద ఇంకో బెత్తెడు లేపొచ్చన్నాడు. కమాన్లు కూడా లేపితే ఇంకా మంచిదట. రెండూ చేయిద్దామనుకుంటున్నాను. నీకు పని ఇవ్వలేదని కోపం పెట్టుకోకు.

జమున


జనగామ
28 జూన్ 2025

చెల్లె జమునకు,

నువ్వు ఆడదానివని బండి వద్దనలేదు. నేను తిట్టాలనుకుంటే తిన్నగా తిడతాను, నీకు తెలియదా. స్టేషన్‌ఘన్‌పూర్ నుంచి వచ్చే ఒక డ్రైవరు ఉన్నాడు, వాడి కన్నా మేకపిల్ల మంచిగా రివర్స్ చేస్తుంది. నువ్వు వాడి కన్నా నయం.

ఎడమ పక్క కుంగడం గురించి. దిమ్మెల కింద రబ్బరు బిళ్లలు ఉంటాయి. నీళ్లలో నానిన బిళ్ల ఆ మూల నలిగిపోయి ఉంటుంది. నువ్వు కుడి పక్క కూర్చుంటే బరువు మారి అది సద్దుకుంటుంది. తడి సంగతి నాకు తెలియదు. డోరు లోపలి మడతలో నీళ్లు నిలిచి కారుతున్నాయేమో. ఏడాది నుంచి కారుతాయా అని అడగకు. నన్ను నేను కూడా అదే అడిగాను.

రెండు లేపుళ్లూ ఒకే బండికి చేయకు. ఇది మేస్త్రి మాట. తలపాగా చుట్టినవాణ్ణి కట్టెకాళ్లు ఎక్కించినట్టు. పద్నాలుగు మందితో గట్టు దిగేటప్పుడు ఒక చక్రం గుంతలో పడితే బండి పక్కకు ఒరుగుతుంది, అంతే.

నా మాట వినవని తెలుసు గనుక ఇంకొకరి మాట చెబుతున్నాను. మొన్న బావ కలలో వచ్చాడు. షెడ్డులో జాకీ పక్కన గొంతుక్కూర్చుని బీడీ ముట్టించాడు. "ఐలేశ్, జమునకు చెప్పు. జీపును ఇంక లేపొద్దను. ఉన్నకాడికి సాలు" అన్నాడు. బట్టలు తడిగా ఉన్నాయి. నేను ఇంకేదో అడిగేలోపు లేచి పోయాడు. నేనైతే ఆయన మాట కాదనను. నీ ఇష్టం.

ఐలేశ్


ఘనపూర్
5 జూలై 2025

అన్నా,

ఆ ఉత్తరం నాలుగు రోజుల నుంచి నా కొంగులోనే ఉంది. ముడి విప్పడం, చదవడం, మళ్లీ ముడి వేయడం.

ఆయన నా గురించి ఇంకేమీ అనలేదా? కోపంగా ఉన్నాడా? ముఖం ఎట్లా ఉంది? జమున అని పేరు పెట్టి అన్నాడా, మీ చెల్లె అన్నాడా? నా మీద కోపమొచ్చినప్పుడు ఆయన పేరు పెట్టేవాడు కాదు, మీ చెల్లె అనేవాడు, నీ ముందు కూడా. నువ్వు రాసిన దాంట్లో జమున అని ఉంది. అది ఆయన మాటేనా, నువ్వు రాసేటప్పుడు మార్చావా? నాకు ఒక్కసారీ కలలో రాలేదు. ఏడాది అయ్యింది. నీకు వచ్చాడంటే నా దగ్గరికి రావడం ఇష్టం లేక నీ దగ్గరికి వచ్చాడని అర్థం. దానికి కారణం నాకు తెలుసు. నీకు చెప్పను.

ఇంక లేపొద్దన్నాడంటే నన్ను వాగు దాటవద్దని కాదు. నేను ఆలోచించాను. "ఎంత లేపినా నీకు చూడరాదు, చూసి చెప్పరాదు, లేపి ఏం లాభం జమునా" అని ఆ మాటకు అర్థం. అయినా లేపిస్తాను. ఫుట్‌బోర్డు నా నడుము దాకా రావాలి. నీళ్లు అంత దూరం వస్తే గుడ్డివాడికి కూడా తెలుస్తుంది.

పద్నాలుగో తారీకు మజీద్ భాయ్ రమ్మన్నాడు. బాడీకి ఇంకో బెత్తెడు, కింద కమాన్లు, లారీ టైర్లంత టైర్లు. పదహారు నుంచి నాట్లు. వాగు చప్పుడు నిన్న మొదలయ్యింది. ఇంట్లోకి వినిపిస్తోంది.

కల మళ్లీ వస్తే తొందరపడి అడ్డం మాట్లాడకు. ఆయన్ను మాట్లాడనీ.

జమున


జనగామ
10 జూలై 2025

జమునా,

ఇది పోస్టులో వేయడం లేదు. భూపాలపల్లి బస్సు కండక్టరు నరేశ్ చేతికిచ్చి, ఘనపూర్‌లో నీ చేతికే ఇవ్వమని ఒట్టు వేయించుకున్నాను. నేనే వద్దామని బస్‌స్టాండు దాకా రెండుసార్లు వచ్చాను. నీ ముఖం చూస్తే ఏదో ఒక వేళాకోళం చేసి తప్పించుకుంటాను. నా సంగతి నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదువు.

కల రాలేదు. నేను కల్పించాను. నిన్ను ఆపడానికి ఇంకే దారీ కనిపించలేదు. ఆయన నీ మీద కోపంగా ఉన్నాడని నువ్వు రాసింది చదివి మీ వదిన నా చేతిలో అన్నం పళ్లెం లాక్కుంది.

ఇప్పుడు నిజం. నువ్వు మొదటి ఉత్తరంలోనే అడిగావు.

పోయిన ఏడు బావ పెద్ద టైర్లు కావాలని వచ్చాడు. టైర్లు మడ్‌గార్డుకు రాసుకుంటుంటే నేనే బాడీ లేపుదామన్నాను. మూడంగుళాల దిమ్మెలు పెట్టాను. టైర్లతో ఇంకో రెండు వేళ్లు పెరిగింది. జాకీ మీద బాడీ చాసిస్‌ను విడిచి లేచేటప్పుడు చిన్న మూలుగు వస్తుంది. ఆ మూలుగు వినిపించగానే బావ, "ఎంత లేపినవ్ ఐలేశ్?" అన్నాడు. "బెత్తెడే బావా" అన్నాను. ఆయన సంబరపడి, "ఇగ వాగుకు బెత్తెడు భయం తక్కువ" అన్నాడు. నేను నవ్వాను. ఆ మాట తప్పని నాకు తట్టలేదు. మేస్త్రినై ఉండి తట్టలేదు.

బావ పోయాక జీపును తుమ్మ చెట్టు దగ్గర నుంచి లాగించి బాగు చేయడానికి నా షెడ్డుకు తెచ్చాను కదా. భాద్రపదంలో ఒక రోజు పెద్ద వాన. షెడ్డు ముందు నీళ్లు నిలిచాయి. నీ జీపు పక్కనే అదే రకం జీపు ఇంకొకటి ఉంది, దానికి నేనేమీ చేయలేదు. ఒకటే గుంత, ఒకటే నీళ్లు. ఆ జీపు ఫుట్‌బోర్డు తడిసింది. నీ జీపు ఫుట్‌బోర్డుకు నీళ్లు ఇంకా బెత్తెడు మీద రెండు వేళ్ల కింద ఉన్నాయి.

అర్థమైందా? మీ వాగు కట్టుబాటు ఎవరో తెలివైనవాడు పెట్టింది. ఫుట్‌బోర్డు తడిసిందంటే నీళ్లు చాసిస్‌కు తగిలి బండిని తోయడం మొదలుపెట్టాయని గుర్తు. నేను ఫుట్‌బోర్డును పైకి తీసుకుపోయాను. చాసిస్‌ను దాదాపు అక్కడే వదిలేశాను. నీళ్లు బండిని తోస్తున్నా ఫుట్‌బోర్డు పొడిగానే ఉంటుంది. బావ పొడిగా ఉందనుకుని పోయాడు. ఆ గుర్తును చెడగొట్టింది నా దిమ్మెలు.

పది నెలలుగా నాకు తెలుసు. దిమ్మెలు అప్పుడే తీసేయొచ్చు. తీస్తే ఎందుకు తీశావని అడుగుతావని తీయలేదు. బాగు చేసి, కడిగి, నీ ఇంటి ముందు పెట్టి వచ్చాను. ఆ తర్వాత ఒక్క బండికీ బాడీ లేపలేదు. ఒకసారి మొదలుపెట్టాను. జాకీ ఎక్కగానే ఆ మూలుగు వచ్చింది, ఆ మూలుగులో "ఎంత లేపినవ్" అని వినిపించింది. దించేసి బండివాణ్ణి పంపేశాను. పిచ్చివాణ్ణని వాడు ఊరంతా చెప్పాడు. అందరి గొంతులూ నేను పెట్టగలను గాని, ఆ గొంతును ఆపడం చేతకాలేదు.

కమాన్లు లేపినా అంతే. చాసిస్ లేస్తుంది, ఫుట్‌బోర్డూ లేస్తుంది, మీ వాగు మాత్రం ఎంత ఉందో అంతే ఉంటుంది. పైగా లారీ టైర్లు గాలి సంచులు, నీళ్లలో బండిని తేలిక చేస్తాయి. బండరాళ్ల మీద, బురదలో ఎత్తు పనికొస్తుంది. పారే నీళ్లలో ఎత్తు ధైర్యమిస్తుంది, అంతకు మించి ఏమీ ఇవ్వదు. మజీద్ దగ్గరికి పోవద్దు. ఆ పద్నాలుగు మందిని ఎక్కించవద్దు. నన్ను తిట్టు, కేసు పెట్టు, చచ్చేదాకా మాట్లాడకు. బండి మాత్రం వాగులో దింపకు.

ఐలేశ్


ఘనపూర్
12 జూలై 2025

అన్నా,

నరేశ్ ఉత్తరం నా చేతికే ఇచ్చాడు. చదివేదాకా బస్సు ఆపి నిలబడ్డాడు, ఒట్టులో అది కూడా ఉందట. ఎక్కినవాళ్లు తిడుతుంటే, "ఆమె సదువుతుంది, ఆగుండ్రి" అన్నాడు.

మజీద్ భాయ్‌కు రానని చెప్పించాను. ఆడవాళ్లకు వాగు తగ్గేదాకా బండి లేదన్నాను. లచ్చి గొణిగింది. ద్వాళి వచ్చి నా పక్కన కూర్చుంది.

నీకు చెప్పనన్న సంగతి ఇప్పుడు చెబుతాను. ఆ రోజు ఎడమ పక్క కూర్చున్నది నేను. చూసి చెప్పింది నేను. గట్టు దిగగానే ఆయన, "తడిసిందా?" అన్నాడు. "తడవలే" అన్నాను. కొంత దూరం పోయాక మళ్లీ అడిగాడు. వంగి చూశాను. పొడిగా ఉంది. "తడవలే, పోనియ్" అన్నాను. మూడోసారి అడిగినప్పుడు ఆయన గొంతులో తేడా ఉంది, స్టీరింగు తేలికైందని ఆయనకు తెలుస్తున్నట్టుంది. నేను చేత్తో తడిమి మరీ చూశాను. పొడిగా ఉంది. "నీకు భయమెక్కువైంది, పోనియ్" అన్నాను. ఆయన పోనిచ్చాడు.

ఎవరికీ చెప్పలేదు. వెనక కూర్చున్న ద్వాళి, లచ్చి ఇద్దరూ విన్నారు, ఏడాది నుంచి ఆ మాట ఎత్తలేదు. నా కళ్లు చెడిపోయాయనుకున్నాను. వరంగల్ దవాఖానకు పోయి చూపించుకున్నాను. "నీ కండ్లు మంచిగనే ఉన్నయమ్మా" అన్నాడు డాక్టరు. నేను నమ్మలేదు. కళ్లు మంచివైతే తప్పు నాదే, చూసి కూడా తప్పు చెప్పానని అర్థం కదా. చేత్తో తడిమింది కూడా నేనే కల్పించుకున్నానేమో అనుకునేదాన్ని. రోజూ పొద్దున ఆ ఫుట్‌బోర్డు తడిగా కనిపిస్తే, ఆయనే వచ్చి, చూడు తడిసింది అని నాకు చూపిస్తున్నాడనుకునేదాన్ని.

నేను చూసింది నిజమే. ఆ రోజు అది పొడిగానే ఉంది.

ఈ మాట నీ దగ్గర పది నెలలు ఉంది. నువ్వు నవ్వించావు, బర్రెను పెట్టుకోమన్నావు, కల కల్పించావు. నా కళ్లు నాకు తిరిగి ఇవ్వడానికి ఒక్క కార్డు ముక్క చాలు, అది రాయలేదు. దీనికి నిన్ను ఏమనాలో ఇంకా తెలియదు. తెలిసినప్పుడు ఎదురుగానే అంటాను. నువ్వు అప్పుడు నవ్వించడానికి చూడకు.

పొద్దున మళ్లీ తడిగానే ఉంది. ఈసారి తుడవలేదు. ఆ పక్క కూర్చుని, ఆరేదాకా చూశాను.

వచ్చే ఆదివారం, ఇరవయ్యో తారీకు రా. పానాలు, జాకీలు తెచ్చుకో. ఆ దిమ్మెలన్నీ తీసేయ్. పెద్ద టైర్లు కూడా తీసుకుపో, పాత చిన్నవి వేయ్. నాట్లకు ఆడవాళ్లను నేనే తీసుకుపోవాలి, వాళ్లు ఇంకెవరి బండీ ఎక్కరు. బండి ఎంత కిందికి ఉంటే నేను అంత ముందే ఆగుతాను.

జమున